ఎంకే అల్ట్రా: మనుషులకు చెప్పకుండా వాళ్ల మీదే చేసిన ప్రయోగాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా గూఢచార సంస్థ సీఐఏ మనుషుల మనసును లొంగదీసుకోవడానికి రహస్యంగా ప్రయోగాలు చేసిందని చెబితే, వినేవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు సినిమా కథ అని నవ్వి ఊరుకుంటారు. కొందరు లోకంలో జరిగే ప్రతి హత్య వెనుకా సీఐఏ చెయ్యే ఉందంటారు. ఈ ఇద్దరికీ ఉపయోగపడేలా, రికార్డుల్లో ఉన్నదెంతో, ఊహ ఎక్కడ మొదలవుతుందో విడదీసి చెప్పే ప్రయత్నం ఇది.

ఇది నిజంగా జరిగిందా?

జరిగింది. 1975లో అమెరికా ప్రభుత్వం నియమించిన రాక్‌ఫెల్లర్ కమిషన్, అదే ఏడాది సెనేట్‌లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన ఏర్పడిన చర్చ్ కమిటీ దీన్ని బయటపెట్టాయి. 1977 ఆగస్టు 3న అప్పటి సీఐఏ డైరెక్టర్ స్టాన్స్‌ఫీల్డ్ టర్నర్ సెనేట్ ముందు హాజరై వివరాలు చెప్పాడు. చేసిన సంస్థే ఒప్పుకున్నాక 'జరిగిందా, లేదా' అన్న వాదనకు తావు లేదు. ఎంత జరిగింది, ఎందరి మీద జరిగింది అన్నవే మిగిలిన ప్రశ్నలు.

ఎంకే అల్ట్రా అంటే ఏమిటి?

1953 ఏప్రిల్ 13న సీఐఏ డైరెక్టర్ ఆలెన్ డల్లెస్ ఆమోదించిన పరిశోధన కార్యక్రమానికి పెట్టిన రహస్య నామం. అంతకుముందు బ్లూబర్డ్, ఆర్టిచోక్ అనే పేర్లతో ఇలాంటి పనే చిన్న ఎత్తున నడిచింది. ఎంకే అల్ట్రా బాధ్యతను సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రవేత్తకు అప్పగించారు. మామూలు ఆడిట్, మామూలు ఒప్పంద పత్రాలు దీనికి అక్కర్లేదని మొదటి రోజే మినహాయింపు ఇచ్చారు. మిగతా కథంతా ఆ మినహాయింపు నుంచే పుట్టింది.

దీని కింద 149 ఉప పథకాలు నడిచాయి. మత్తుమందులు, హిప్నాటిజం, విద్యుత్ షాకులు, ఒంటరి నిర్బంధం, అబద్ధాన్ని పట్టే పద్ధతులు అన్నీ అందులోనే. చివరికి ఒక ఇంద్రజాలికుణ్ణి కూడా వదల్లేదు. జాన్ మల్‌హోలండ్ అనే పేరున్న గారడీ విద్వాంసుడికి 3,000 డాలర్లు ఇచ్చి, ఎదుటివాడికి తెలియకుండా గ్లాసులో మాత్ర ఎలా వేయాలో వివరించే పుస్తకం రాయించుకున్నారు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టారు?

భయంతో. 1949లో హంగరీలో కార్డినల్ మిండ్‌సెంటీ అనే మతాధిపతి కోర్టులో నిలబడి, చేయని నేరాలను కూడా చేశానని నిర్జీవమైన గొంతుతో ఒప్పుకున్నాడు. తర్వాత కొరియా యుద్ధంలో పట్టుబడిన అమెరికా సైనికులు కొందరు శత్రువు రాసిచ్చినట్టు ప్రకటనలు చేశారు. కమ్యూనిస్టులకు మనసును కడిగేసే మందు ఏదో దొరికిందని వాషింగ్టన్‌లో గట్టిగా నమ్మారు. అలాంటి మందేదీ లేదనీ, నిద్ర లేకుండా చేయడం, ఒంటరిగా పడేయడం, బెదిరించడం వంటి పాత పోలీసు పద్ధతులే పనిచేశాయనీ తర్వాత వాళ్ల నిపుణులే తేల్చారు. అప్పటికే బండి కదిలిపోయింది.

కార్యక్రమాన్ని ఆమోదించడానికి మూడు రోజుల ముందు డల్లెస్ ఒక సభలో ప్రసంగిస్తూ, ఇలాంటి పద్ధతులను పరీక్షించడానికి పాశ్చాత్య దేశాల దగ్గర మనుషులు లేరని, అదొక లోటని అన్నాడు. ఆ లోటు ఎలా తీర్చుకున్నారో కింద చూడండి.

ఎల్‌ఎస్‌డీ మీదే అంత మోజు ఎందుకు?

ఎల్‌ఎస్‌డీ అంటే భ్రమలు కలిగించే ఒక మత్తుమందు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కంటికి కనిపించనంత చిన్న మోతాదు చాలు, మనిషి గంటల తరబడి తన స్పృహలో ఉండడు. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ దీన్ని 1938లో తయారు చేశాడు. మనసు మీద దీని ప్రభావం 1943లో తెలిసింది. గూఢచారి కంటికి ఇది అన్ని విధాలా సరిపోయే మందులా కనిపించింది. నిజం చెప్పించే మందు కోసం వెతుకులాట మాత్రం అంతకంటే పాతది. సీఐఏకు ముందున్న యుద్ధకాలపు సంస్థ 1943లోనే గంజాయి సారం కలిపిన సిగరెట్లను న్యూయార్క్‌లో ఒక నేర ముఠా సభ్యుడి చేత కాల్పించి చూసింది.

చెప్పకుండానే ఎందుకు ఇచ్చారు?

వాళ్ల వాదన ఇది: మందు ఇచ్చామని ముందే తెలిస్తే మనిషి సిద్ధపడి ఉంటాడు. శత్రువుకు చెప్పి ఇవ్వం కదా, కాబట్టి చెప్పకుండా ఇస్తేనే అసలు ఫలితం తెలుస్తుంది. వినడానికి తర్కంలాగే ఉంటుంది. మనిషి స్వచ్ఛంద సమ్మతి లేనిదే అతని మీద ప్రయోగం చేయరాదన్న న్యూరెంబర్గ్ సూత్రాలు 1947లో వచ్చాయి. నాజీ డాక్టర్లను విచారించి ఆ తీర్పు ఇచ్చింది అమెరికా న్యాయమూర్తులే. ఆరేళ్లు తిరక్కుండానే వాళ్ల ప్రభుత్వమే ఈ పనికి దిగింది.

ఎవరి మీద చేశారు?

ఎదురు తిరగలేనివాళ్ల మీద, తిరిగినా ఎవరూ నమ్మనివాళ్ల మీద. ఖైదీలు, మత్తుమందులకు బానిసలైనవాళ్లు, మానసిక రోగులు, వేశ్యల దగ్గరకు వచ్చే విటులు. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ ఆస్పత్రి ఉండేది. అక్కడి పరిశోధన కేంద్రంలో డాక్టర్ హారిస్ ఇస్బెల్ ఏడుగురికి వరుసగా 77 రోజులు ఎల్‌ఎస్‌డీ ఇచ్చాడు. ప్రయోగానికి ఒప్పుకున్న ఖైదీలకు అక్కడ దొరికే బహుమతి ఏమిటో తెలుసా? వాళ్లు ఏది మానడానికి వచ్చారో అదే మత్తుమందు. కంచే చేను మేయడం అంటే ఇదే.

తర్వాతి కాలంలో బోస్టన్ నేర సామ్రాజ్యానికి నాయకుడైన వైటీ బల్గర్ 1957లో అట్లాంటా జైల్లో ఉండగా ఇలాంటి ప్రయోగంలో చేరాడు. స్కిజోఫ్రీనియాకు మందు కనుక్కోవడానికి అని చెప్పి, శిక్ష తగ్గిస్తామని ఆశ చూపి చేర్చుకున్నారని, ఆ తర్వాత జీవితమంతా పీడకలలు వెంటాడాయని అతను రాసుకున్నాడు. సంతకం ఉంది కదా అనవచ్చు. దేనికి సంతకం పెడుతున్నాడో చెప్పనప్పుడు ఆ కాగితానికి విలువేముంది?

ఫ్రాంక్ ఓల్సన్ ఎలా చనిపోయాడు?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఓల్సన్ మేరీలాండ్‌లోని క్యాంప్ డెట్రిక్‌లో పనిచేసే సైనిక జీవ శాస్త్రవేత్త. అంటే బయటివాడు కాదు, గాట్లీబ్ బృందంతో కలిసి పనిచేసేవాడే. 1953 నవంబరు 19న డీప్ క్రీక్ లేక్ దగ్గర ఒక విడిది ఇంట్లో రెండు బృందాలూ సమావేశమయ్యాయి. రాత్రి భోజనం అయ్యాక క్వాంత్రో అనే నారింజ మద్యం పంచారు. అందులో ఎల్‌ఎస్‌డీ కలిపి ఉంది. కాసేపటి తర్వాత ఆ విషయం గాట్లీబ్ చెప్పాడు.

ఇంటికి వెళ్లిన ఓల్సన్ మునుపటి మనిషి కాలేదు. పెద్ద తప్పు చేశానని, ఉద్యోగం మానేస్తానని భార్యతో అన్నాడు. అతన్ని న్యూయార్క్ తీసుకెళ్లి హెరాల్డ్ ఆబ్రమ్‌సన్ అనే డాక్టరుకు చూపించారు. ఆయన ఎలర్జీల నిపుణుడు, మానసిక వైద్యుడు కాదు. ఎల్‌ఎస్‌డీ రహస్యం తెలిసినవాడు కావడమే ఆయన అర్హత. నవంబరు 28 తెల్లవారుజామున స్టాట్లర్ హోటల్ పదో అంతస్తు కిటికీ నుంచి పడి ఓల్సన్ చనిపోయాడు. గదిలో అతనితో ఉన్నది గాట్లీబ్ సహాయకుడు రాబర్ట్ లాష్‌బ్రూక్.

కుటుంబానికి ఉద్యోగంలో ఉండగా జరిగిన ప్రమాదమని చెప్పారు. ఆ మద్యం గ్లాసు సంగతి 22 ఏళ్ల తర్వాత, 1975లో కమిషన్ నివేదికను పత్రికలో చదివి వాళ్లు తెలుసుకున్నారు. ప్రెసిడెంట్ ఫోర్డ్ వాళ్లను శ్వేతసౌధానికి పిలిచి క్షమాపణ చెప్పాడు. 1976లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) 7,50,000 డాలర్ల పరిహారం మంజూరు చేసింది. 1994లో కుమారులు మృతదేహాన్ని వెలికి తీయించారు. కిటికీ అద్దం కోసుకున్న గాయాలున్నాయని 1953 నివేదికలో రాశారు, అవి కనిపించలేదు. పైగా, పడకముందే తలకు దెబ్బ తగిలి ఉండవచ్చని పరీక్షించిన జేమ్స్ స్టార్స్ అభిప్రాయపడ్డాడు. దాంతో హత్య అనే అనుమానం బలపడింది, కోర్టులో మాత్రం రుజువు కాలేదు. కుమారులు 2012లో వేసిన దావాను మరుసటి ఏడాది కొట్టేశారు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్నది ఖాయంగా చెబుతానని ఎవరైనా అంటే, వాళ్ల చేతిలో కాగితం ఏముందో అడగండి.

శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లాట్ కథ నిజమేనా?

నిజమే, నమ్మడం కష్టమైనా. జార్జ్ హంటర్ వైట్ మత్తుమందుల నిరోధక శాఖలో అధికారి. మత్తుమందులు అమ్మేవాళ్లను పట్టుకోవడం పగటి ఉద్యోగం. సీఐఏ డబ్బుతో అతను మొదట న్యూయార్క్‌లో, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని చెస్ట్‌నట్ వీధిలో ఫ్లాట్లు అద్దెకు తీసుకున్నాడు. గోడలకు కాంకాన్ నర్తకుల బొమ్మలు తగిలించి, ఎర్ర పరదాలు కట్టి, గోడల్లో మైకులు దాచి, ఒక వైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం బిగించాడు. వేశ్యలు విటులను తీసుకొచ్చి పానీయంలో మందు కలిపి ఇచ్చేవాళ్లు. అద్దం వెనుక వైట్ మద్యం కూజా పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. ఆ మహిళలకు డబ్బుతో పాటు, పోలీసులు పట్టుకుంటే విడిపిస్తామన్న హామీ కూడా ఉండేది.

మందు తాగినవాళ్లను తర్వాత పరీక్షించిన డాక్టరు లేడు. వాళ్లు ఇంటికి చేరారో లేదో కనుక్కున్నవాళ్లూ లేరు. శాస్త్రం పేరుతో జరిగిన ఈ పనిలో శాస్త్రం ఎక్కడుందో నాకైతే కనిపించదు. 1963లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ ఎర్మన్ దీన్ని తప్పుపట్టి, తెలియని మనుషుల మీద పరీక్షలు ఆపమన్నాడు. అప్పటి ఉన్నతాధికారి రిచర్డ్ హెల్మ్స్ కొనసాగించాలనే వాదించాడు. ఫ్లాట్లు 1960ల మధ్యలో మూతపడ్డాయి.

మాంట్రియల్ ఆస్పత్రిలో ఏం జరిగింది?

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా క్రూరమైన భాగం ఇది. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి డాక్టర్ యూయెన్ కామెరాన్. ప్రపంచ మానసిక వైద్యుల సంఘానికి మొదటి అధ్యక్షుడు. అతని దగ్గరకు వచ్చినవాళ్లు ఆందోళన, కాన్పు తర్వాత వచ్చే దిగులు వంటి మామూలు బాధలతో వచ్చినవాళ్లు.

కామెరాన్ సిద్ధాంతం ప్రకారం, చెడిపోయిన మనసును పూర్తిగా చెరిపేస్తే దాని మీద కొత్తది రాయవచ్చు. అందుకు రోగులను మందులతో వారాల తరబడి నిద్రలో ఉంచాడు. మామూలు వైద్యంలో వాడేదానికి ఎన్నో రెట్లు ఎక్కువగా విద్యుత్ షాకులు ఇచ్చాడు. ఆపైన తలగడలోని స్పీకర్ల నుంచో, తలకు బిగించిన హెడ్‌ఫోన్ల నుంచో ఒకే వాక్యం టేపు మీద తిరుగుతూ రోజుకు గంటల చొప్పున, వేల సార్లు వినిపించేది. చెరిపేయడం వరకు పని జరిగింది. కొందరు కన్నబిడ్డలను గుర్తుపట్టలేకపోయారు. పెద్దవాళ్లు పసిపిల్లల్లా పక్క తడిపారు. కొత్తది రాయడం మాత్రం అతని వల్ల కాలేదు.

1957 నుంచి కొన్నేళ్ల పాటు సీఐఏ ఒక ముసుగు సంస్థ ద్వారా దీనికి డబ్బు పంపింది. కామెరాన్ ఈ పద్ధతులను అంతకుముందే మొదలుపెట్టాడు. కెనడా ప్రభుత్వం కూడా అతనికి నిధులిచ్చింది, అదీ సీఐఏ ఇచ్చినదానికంటే ఎక్కువే. తప్పంతా సరిహద్దు అవతలిదని కెనడా చేతులు దులుపుకోవడం అందుకే కుదరలేదు.

విశ్వవిద్యాలయాలకు, డాక్టర్లకు ఈ డబ్బు ఎవరిదో తెలుసా?

కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. టర్నర్ చెప్పిన లెక్క ప్రకారం మొత్తం 80 సంస్థలు, ప్రభుత్వేతర పరిశోధకులు 185 మంది. ఆ 80లో 44 కళాశాలలు, విశ్వవిద్యాలయాలు. 12 ఆస్పత్రులు, 3 జైళ్లు. మానవ పర్యావరణ అధ్యయన సంఘం లాంటి గౌరవప్రదమైన పేర్లతో నిధులు వచ్చేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగినవాళ్లు తక్కువ. తిలా పాపం తలా పిడికెడు.

మరి మనసును అదుపు చేయగలిగారా?

లేదు. ఎల్‌ఎస్‌డీ నిజం చెప్పించే మందు కాలేదు, ఎవరు దేనికి ఎలా స్పందిస్తారో ముందుగా చెప్పడమే సాధ్యం కాలేదు. హిప్నాటిజం గురించి ఒక సంఘటన చెబుతారు. 1954లో మోర్స్ ఆలెన్ అనే సీఐఏ అధికారి తమ ఆఫీసు సెక్రటరీలిద్దరిని హిప్నటైజ్ చేశాడు. ఒకామెను గాఢనిద్రలోకి పంపి, రెండో ఆమెతో 'ఆమెను లేపు, లేవకపోతే కాల్చెయ్' అన్నాడు. అప్పటిదాకా తుపాకీ అంటేనే భయపడే ఆమె, గుళ్లు లేని పిస్తోలు తీసుకుని మీట నొక్కేసింది. మెలకువ వచ్చాక అసలు అలా చేయలేదంది. కట్టుకథలకు ఇంతకంటే ఏం కావాలి! ఆలెన్ మాత్రం దీన్ని నమ్మలేదు. ఆఫీసు గదిలో, పై అధికారి చెప్పగా చేసిన పని బయట శత్రువు మీద పనికొస్తుందనుకోవడం పొరపాటని అతనికి తెలుసు. గాట్లీబ్ కూడా ఉద్యోగం వదిలే ముందు, ఈ పదార్థాలు గూఢచార పనికి నమ్మదగినవి కావని రాసిపెట్టాడు.

ఇరవై ఏళ్లు, లెక్క తేలని డబ్బు, లెక్క తేలని మనుషులు. ఫలితం సున్నా.

ఇంత రహస్యం ఎలా బయటపడింది?

గుమాస్తాల పుణ్యం. 1973లో పదవి నుంచి దిగిపోయే ముందు, డైరెక్టర్ స్థాయికి ఎదిగిన హెల్మ్స్ ఎంకే అల్ట్రా ఫైళ్లను నాశనం చేయమన్నాడు, గాట్లీబ్ చేయించాడు. 1974 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో సీమర్ హెర్ష్ సీఐఏ అక్రమాల మీద రాసిన కథనంతో తీగ కదిలింది. జాన్ మార్క్స్ అనే రచయిత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టగా, 1977లో ఏడు పెట్టెల్లో దాదాపు 20,000 పేజీలు దొరికాయి. అవి ఖర్చుల రికార్డులు. వాటిని వేరే చోట భద్రపరిచారు కాబట్టి, తగలబెట్టేవాళ్లకు గుర్తు రాలేదు. మనకు ఈరోజు తెలిసినదాంట్లో చాలా భాగం రసీదుల నుంచి, బిల్లుల నుంచి, డబ్బు మంజూరు చేసిన లేఖల నుంచి కూడదీసుకున్నదే. ప్రయోగాల ఫలితాలు, మనుషుల పేర్లు బూడిదయ్యాయి.

ఎవరికైనా శిక్ష పడిందా?

ఒక్కరికీ పడలేదు. పరిహారాలు మాత్రం చాలా ఆలస్యంగా, కొందరికే అందాయి. మాంట్రియల్ రోగులు తొమ్మిది మందికి 1988లో సీఐఏ మొత్తంగా 7,50,000 డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. వాళ్లలో కెనడా పార్లమెంటు సభ్యుడి భార్య వెల్మా ఓర్లికోవ్ ఒకరు. 1992లో కెనడా ప్రభుత్వం 77 మందికి తలా లక్ష కెనడా డాలర్లిచ్చింది. సైన్యం 1958లో చెప్పకుండా ఎల్‌ఎస్‌డీ ఇచ్చిన సార్జెంట్ జేమ్స్ స్టాన్లీ దావా వేస్తే, సైనికుడు ఇలాంటి విషయంలో ప్రభుత్వం మీద దావా వేయకూడదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తేల్చింది. 1985లో అదే కోర్టు, పరిశోధకుల పేర్లను సీఐఏ దాచుకోవచ్చని కూడా అంది.

గాట్లీబ్ ఏమయ్యాడు?

1973లో పదవీ విరమణ చేసి భార్యతో దేశాలు తిరిగాడు. భారతదేశానికి వచ్చి ఏడాదిన్నర పాటు కుష్ఠు రోగుల ఆస్పత్రిలో సేవ చేశాడు. తిరిగి వెళ్లి వర్జీనియాలో మేకలు పెంచుకుంటూ 1999లో చనిపోయాడు. అది పశ్చాత్తాపమో కాదో అతనే చెప్పలేదు, మనం ఊహించి లాభం లేదు.

ఫలానా హంతకుడు కూడా ఎంకే అల్ట్రా మనిషే అంటారు, నిజమా?

ఫైళ్లు కాలిపోయిన చోట పుకార్లు మొలుస్తాయి. బాంబులు పంపిన టెడ్ కజిన్‌స్కీ హార్వర్డ్‌లో విద్యార్థిగా హెన్రీ మర్రీ నడిపిన అవమానకరమైన మానసిక ప్రయోగంలో పాల్గొన్న మాట వాస్తవం. దానికి ఎంకే అల్ట్రా డబ్బు వెళ్లిందనడానికి రుజువు లేదు. 1951లో ఫ్రాన్స్‌లోని పాం సెంట్ ఎస్ప్రీ ఊళ్లో రొట్టె తిని జనం పిచ్చెత్తినట్టు అయిపోయిన ఘటనకూ అంతే. సీఐఏ పేరు చెప్పేవాళ్లున్నారు, రుజువు చూపినవాళ్లు లేరు. సీఐఏకు ఫైళ్లు తగలబెట్టిన చరిత్ర ఉంది కాబట్టి, రుజువు లేకపోవడాన్నే రుజువుగా చూపించే వెసులుబాటు ఇలాంటివాళ్లకు దొరికింది.

అమెరికా ఒక్కటే చేసిందా?

కాదు. బ్రిటన్‌లో పోర్టన్ డౌన్ సైనిక కేంద్రంలో 1953-54లో, జలుబుకు మందు కనుక్కునే పరీక్షలని నమ్మించి సైనికులకు ఎల్‌ఎస్‌డీ ఇచ్చారు. 2006లో ముగ్గురికి పరిహారం దక్కింది.

మన దేశంలో ఇలాంటివి జరిగాయా?

ఎంకే అల్ట్రా వంటి కార్యక్రమం ఇక్కడ నడిచిందనడానికి ఆధారం ఏదీ బయటికి రాలేదు. కానీ నిజం చెప్పించే మందు మీద నమ్మకం మాత్రం మన పోలీసులకూ గట్టిగానే ఉండేది. నార్కో పరీక్ష పేరుతో నిందితులకు సోడియం పెంటథాల్ ఎక్కించి ప్రశ్నలడగడం, ఆ దృశ్యాలను టీవీలు పదే పదే చూపించడం 2000ల్లో మనం చూసిందే. 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలకు విరుద్ధమని చెప్పింది. ఇప్పటికీ పెద్ద నేరం జరగగానే 'నార్కో చేయండి, నిజం కక్కుతాడు' అనేవాళ్లు, సీఐఏ ఇరవై ఏళ్లు ప్రయత్నించి వదిలేసిన సంగతి గుర్తుపెట్టుకోవాలి.

సమ్మతి సంగతికి వస్తే, 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలు సహా వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టు గుర్తుండే ఉంటుంది. అది మనసుకు సంబంధించిన ప్రయోగం కాదు, రహస్యమూ కాదు. కానీ తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చాలా పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

నా ఆలోచనలను ఎవరో బయటి నుంచి నడిపిస్తున్నట్టు అనిపిస్తోంది. ఇది ఎంకే అల్ట్రా లాంటిదేనా?

ఆ బాధ నిజమైనదే, తేలిగ్గా తీసుకోవద్దు. కానీ దూరం నుంచి ఆలోచనలను పంపే యంత్రం, తెలియకుండా తలలో పెట్టే చిప్పు ఆ ఫైళ్లలో ఎక్కడా లేవు. జరిగినవన్నీ గ్లాసులో మందు కలపడం, సూది వేయడం, షాకు పెట్టడం లాంటి పనులే. ఇలా అనిపిస్తూ నిద్ర పట్టకపోతే, భయం వేస్తుంటే, నమ్మకమైన మనిషికి చెప్పి మానసిక వైద్యుణ్ణి కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంటర్నెట్‌లో 'మీలాంటివాళ్లం' అంటూ దగ్గరయ్యే గుంపులు ఈ భయాన్ని పెంచుతాయే తప్ప తగ్గించవు.

అసలు పత్రాలు మనం చదవవచ్చా?

చదవవచ్చు. సీఐఏ విడుదల చేసిన పేజీలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. సగం చోట్ల పేర్ల మీద నల్ల గీతలుంటాయి, అచ్చు మసకగా ఉంటుంది. ముందు 1977 సెనేట్ విచారణ ప్రతి చదివితే మనుషులెవరో, పథకాలేవో అర్థమవుతాయి. ఆ తర్వాత ఎర్మన్ 1963 నివేదిక చదవండి. ఇది తప్పని సంస్థ లోపలే ఒకరు రాసిపెట్టారని అందులో తెలుస్తుంది. అది చదివాక కూడా పైవాళ్లు ఫ్లాట్లను వెంటనే ఖాళీ చేయలేదు.